బియ్యం గాలించినట్టు బంగారం

ఇప్పుడు కొట్లో కొనే బియ్యంలో రాళ్లు రావు. అందుకే మా మనవరాలికి గాలించడం అంటే పోలీసులు దొంగ కోసం వెతకడమే. ఆ మాటకు అసలు అర్థం చూపించడానికి మొన్న ఆదివారం బెంగళూరులో మా వంటింట్లో రెండు గిన్నెలు, గుప్పెడు బియ్యం, పూలకుండీ అడుగునుంచి తీసిన చిటికెడు ఇసుక ముందు పెట్టుకొని కూర్చున్నాను. చేతులు మరిచిపోలేదు. గిన్నెను ఒక పక్కకు వంచాలి. నీళ్లను ఒక్క చుట్టు తిప్పాలి. ఆ సుడి ఆగకముందే, పైకి లేచిన బియ్యాన్ని నీళ్లతోపాటు రెండో గిన్నెలోకి జారవిడవాలి. మళ్లీ నీళ్లు పోయాలి, మళ్లీ తిప్పాలి. అయిదారు సార్లకు బియ్యమంతా ఆ గిన్నెలోకి వెళ్లిపోయి, ఈ గిన్నె అడుగున ఇసుక మాత్రం మిగిలింది. మనవరాలు దాన్ని వేలితో తాకి చూస్తుంటే నాకు మా అవ్వ చేతులు గుర్తొచ్చాయి. ఆ వెంటే ఏడేళ్ల క్రితం భూగోళానికి ఆ కొసన చూసిన ఒక నది, అది కొండను కోసుకుపోయిన గండి గుర్తొచ్చాయి. ఈ రెండూ నాకు ఒకే జ్ఞాపకం.

నేను పుట్టి పెరిగింది కోలారు బంగారు గనుల్లో, చాంపియన్ రీఫ్స్‌లో. మా తాతది కుప్పం దగ్గర ఒక పల్లె. వరుసగా రెండేళ్లు వానలు ముఖం చాటేస్తే ఎద్దులను అమ్ముకొని గనికి వచ్చాడు. తాత తరవాత నాన్న, ఆ వెనకే చిన్నాన్న అదే షాఫ్టులో, అంటే గనిలోకి దిగే నిలువు బావిలో, దిగారు. కార్మికుల ఇళ్లను అక్కడ ‘లైన్లు’ అనేవాళ్లు. బారులు తీరిన గదులు, గదికీ గదికీ మధ్య ఒకటే గోడ. పక్కింట్లో ఎవరు దగ్గుతున్నారో, ఎవరి బిడ్డ ఏడుస్తోందో అందరికీ తెలిసేది. మా లైనులో తమిళులే ఎక్కువ. తెలుగువాళ్లం నాలుగైదు ఇళ్లవాళ్లం. అవ్వ మాత్రం తన కుప్పం తెలుగుతోనే అందరితో నెగ్గుకొచ్చింది.

నీళ్లకు కటకటగా ఉండేది. పాలారు మీది బేతమంగళం చెరువు నుంచి గొట్టాల్లో వచ్చే నీళ్లు వీధి కొళాయిలో కాసేపు వచ్చి ఆగిపోయేవి. రేషను బియ్యంలో రాళ్లు, మట్టిబెడ్డలు లెక్కలేనన్ని. అందువల్ల గాలించడం రోజూ జరిగే పని, అదీ చుక్క నీరు వృథా కాకుండా జరగాల్సిన పని. అవ్వ ఆ నీళ్లనే అటూ ఇటూ తిప్పి వాడి, చివరికి కుడితి కుండలోనో, కరివేపాకు మొక్క మొదట్లోనో పోసేది. ఆమె మణికట్టు తిరిగే తీరును నేను పక్కన కూర్చొని చూసేవాణ్ని. ఒకసారి అంది:

“నాయనా, మా పెద్దలు వానలు పడ్డాక వంకలో మట్టిని ఇట్లాగే గాలించేవాళ్లంట. చెక్క మరిగెలో మట్టి పోసి, నీళ్లు పోసి తిప్పడమే. బియ్యం గాలిస్తే తేలేది మనది. బంగారం గాలిస్తే మునిగేది మనది.”

ఆ వయసులో అదొక కథ అనుకున్నాను. అది చరిత్ర అని తెలియడానికి ఇరవై ఏళ్లు పట్టింది.

1979లో నాకు బెంగళూరులో ఒక ఫ్యాక్టరీలో ఉద్యోగం వచ్చింది. మొదట్లో రోజూ గని ఊరి నుంచే వెళ్లి వచ్చేవాణ్ని. మారికుప్పంలో బయలుదేరే బండి చాంపియన్, ఊరిగాం, కోరమాండల్ స్టేషన్ల మీదుగా బంగారుపేట చేరి, అక్కడి నుంచి బెంగళూరు దారి పట్టేది. ఇంకా తెల్లవారకముందే బోగీలు నిండిపోయేవి. గనిలో పనిచేసేవాళ్ల పిల్లలం గనిలోకి దిగకుండా, రైలెక్కి నగరానికి పోవడం మొదలుపెట్టిన రోజులవి. అట్లా వచ్చిన నాకు బెంగళూరు గ్రంథాలయంలో ఒక పాత పుస్తకంలో వారెన్ కనిపించాడు.

టిప్పు సుల్తాన్ మరణించాక మైసూరు రాజ్యానికి సరిహద్దు గీసే సర్వే పని మొదలైంది. ఆ పని మీద 1802లో లెఫ్టినెంట్ జాన్ వారెన్ మా ప్రాంతానికి వచ్చాడు. ఇక్కడి మట్టిలో బంగారం ఉందన్న మాట ఆయన చెవిన పడింది. చూపించినవాళ్లకు బహుమానం ఇస్తానని చాటించాడు. ఊరిగాం రైతులు ఒక బండి నిండా మట్టి తోలుకొచ్చి, ఆయన కళ్లముందే నీళ్లలో కడిగి, అడుగున మిగిలిన బంగారు రజనును చూపించారు. మారికుప్పం దగ్గర కొందరు పాతకాలపు గుంటల్లో నూనె దీపాలతో దిగి రాయి తవ్వడం కూడా ఆయన చూశాడు. ఆయన రాసిన నివేదిక 1804లో అచ్చయింది. చదువుతూ నేను లేచి నిలబడ్డాను. అవ్వ చెప్పినది అక్షరాలా అదే. బండిలో మట్టి తెచ్చినవాళ్ల పేర్లు అందులో లేవు. ఒక్క పేరన్నా దొరుకుతుందేమోనని తరవాత చాలా ఏళ్లు వెతికాను.

ఆ నివేదికను దాదాపు డెబ్బై ఏళ్ల తరవాత చదివిన మనిషి పేరు మాత్రం బెంగళూరులో అందరికీ తెలుసు, ఆయనెవరో తెలియకపోయినా సరే. మైఖేల్ ఫిట్జెరాల్డ్ లావెల్, ఐర్లండ్ నుంచి వచ్చిన సైనికుడు. న్యూజిలాండ్‌లో అక్కడి మూలవాసులైన మావోరీలతో జరిగిన యుద్ధంలో పోరాడి వచ్చి, బెంగళూరు కంటోన్మెంటులో స్థిరపడ్డాడు. ఆయన న్యూజిలాండ్‌లో ఉన్న కాలం ఆ దేశం బంగారం పిచ్చిలో ఊగిపోతున్న కాలం. అక్కడ పట్టుకున్న ఆసక్తితోనే 1871లో ఎద్దుబండి కట్టించుకొని బెంగళూరు నుంచి కోలారు దాకా, దాదాపు వంద కిలోమీటర్లు వెళ్లాడు. 1873లో మైసూరు ప్రభుత్వానికి అర్జీ పెట్టుకున్నాడు. 1875లో ఇరవై ఏళ్ల గుత్త దక్కింది. అయితే లోతుకు తవ్వడానికి చేతిలో డబ్బు చాలలేదు. రెండు మూడేళ్లకే హక్కులు చేతులు మారాయి. 1880ల్లో లండన్‌కు చెందిన జాన్ టేలర్ కంపెనీ వచ్చి, చాంపియన్ అనే బంగారు పొర దొరికాకే అది గని అయింది. లావెల్ రోడ్డు ఆ మనిషి పేరు మీద ఉన్నదే.

నాన్నకు ఈ కథ చెబితే ఆ రోడ్డు చూపించమన్నాడు. 1982లో సెలవు పెట్టి నా దగ్గరికి వచ్చినప్పుడు బస్సులో తీసుకెళ్లాను. అప్పట్లో అది చెట్ల నీడలో నిశ్శబ్దంగా ఉండే వీధి. నాన్న బోర్డు దగ్గర నిలబడి కన్నడంలో, ఇంగ్లీషులో రెండుసార్లు చదువుకున్నాడు. తరవాత పక్కనున్న ప్రహరీ దగ్గరికి వెళ్లి, గ్రానైటు రాయిని వేలి కణుపుతో రెండు చోట్ల తట్టి, తల వంచి విన్నాడు.

“గట్టి రాయే” అన్నాడు.

ఆయనకు అది అలవాటు. ఏ గోడ కనిపించినా, ఏ బండ కనిపించినా తట్టి వినడం. గనిలో షిఫ్టు మొదలయ్యేటప్పుడు మొదట చేసే పని అదే. తవ్వకం జరిగిన చోట తల మీది రాతిని ఇనుప కడ్డీతో తట్టి చూడాలి. ఖంగున మోగితే రాయి పట్టుగా ఉన్నట్టు. గుల్లగా పలికితే అది విడిపోతున్నట్టు. అప్పుడు దాన్ని ముందే పడగొట్టాలి, లేదంటే అది మనుషుల మీద పడుతుంది. ముప్పై ఐదేళ్లు ఆ శబ్దం మీద ప్రాణం పెట్టుకొని బతికిన మనిషి చెవి ఇంటికి వచ్చినా ఊరుకోదు.

చాంపియన్ రీఫ్ గని 3 కిలోమీటర్లు దాటిన లోతు. ప్రపంచంలోనే అతి లోతైన గనుల్లో ఒకటి. కేజ్‌లో, అంటే మనుషులను దించే ఇనుప పంజరంలో, దిగి, అడ్డంగా నడిచి, మళ్లీ ఇంకో కేజ్‌లో దిగాలి. కింద రాతి వేడి 60 డిగ్రీలు దాటేది. పైనుంచి చల్లటి గాలిని పంపితే తప్ప మనిషి నిలవలేడు. ఆ లోతులో రాయి మీద పైనున్న భూమి బరువంతా ఉంటుంది. తవ్విన చోట ఖాళీ ఏర్పడితే ఆ బరువును ఓర్చుకోలేక రాయి ఒక్కసారిగా పేలుతుంది. దాన్ని అక్కడ ‘రాక్ బరస్ట్’ అనే అనేవాళ్లు, చదువు రానివాళ్లు కూడా. ఇంగ్లీషు మాటలా కాదు, ఒక దెయ్యం పేరులా.

నాకు తొమ్మిదేళ్లప్పుడు ఒక రాత్రి భూమి కదిలింది. అలమర మీది ఇత్తడి చెంబు దొర్లి నేల మీద పడి, చాలాసేపు అట్లా తిరుగుతూనే ఉంది. నాన్నది రాత్రి షిఫ్టు. అమ్మ చంటిబిడ్డతో ఉంది. అవ్వ నా చెయ్యి పట్టుకొని చెప్పులైనా లేకుండా షాఫ్టు దగ్గరికి పరుగు తీసింది. లైనులోని ఆడవాళ్లందరూ అదే దారిన పరుగెత్తుతున్నారు, ఎవరూ గట్టిగా ఏడవడం లేదు. దిగేటప్పుడు ప్రతి మనిషీ తన నంబరున్న ఇత్తడి బిళ్లను కిటికీలో ఇచ్చి వెళ్లాలి, పైకి వచ్చాక తీసుకోవాలి. బోర్డు మీద బిళ్ల వేలాడుతోందంటే ఆ మనిషి ఇంకా కిందే ఉన్నట్టు. అవ్వకు చదువు రాదు. నన్ను ఎత్తి పట్టుకొని, “ఉందా చూడు” అంది. ఉంది. నాన్న నంబరు నాకు కంఠతా వచ్చు.

కేజ్ పైకి వచ్చిన ప్రతిసారీ నేను దిగినవాళ్లను లెక్కపెట్టాను. ఎనిమిదో తొమ్మిదో సారికి నాన్న దిగాడు. ముఖమంతా బూడిదరంగు. వచ్చి బిళ్ల తీసుకొని అవ్వ చేతిలో పెట్టాడు. ఇంటికి వెళ్లాక పళ్లెంలో రాగిసంగటి పెడితే దాని వంకే చూస్తూ కూర్చున్నాడు. మా వెనక లైనులోని ఒకాయన బిళ్ల మూడు రోజులు బోర్డు మీదే ఉంది.

ఇంత కష్టం దేనికి అని చిన్నతనంలో అడిగేవాణ్ని. బంగారం రాతిలో ఉంటుంది కదా, రాయి తియ్యాలి కదా అనేవాడు నాన్న. తీసిన రాయి పైకి వచ్చాక మిల్లులో పడి పిండి అయ్యేది. ఆ మిల్లు చప్పుడు రాత్రింబగళ్లు ఆగేది కాదు. అది ఆగితేనే మాకు మెలకువ వచ్చేది. ఆ పిండిని నీళ్లతో వాలుబల్లల మీదుగా పారిస్తే బరువైన బంగారం కొంత చిక్కుకునేది. మిగిలిన సన్నని బంగారాన్ని సైనైడు నీళ్లలో కరిగించి తీసేవాళ్లు. అంతా అయ్యాక మిగిలిన బూడిదరంగు ధూళిని ఊరి పక్కన పోశారు. అవే సైనైడ్ దిబ్బలు. కొండల్లా పెరిగాయి. గాలి వీస్తే ఆ ధూళి ఇంట్లో అన్నం మీద కూడా పడేది.

వీటన్నిటినీ నడిపింది కూడా ఒక నది గండే. కావేరి రెండుగా చీలి శివనసముద్రం దగ్గర కొండ అంచుల మీదుగా లోయలోకి దూకుతుంది. ఆ దూకుడు నుంచి పుట్టిన కరెంటును 1902లో దాదాపు 147 కిలోమీటర్ల దూరం తీగల మీద గనులకు తెచ్చారు. అంత దూరం కరెంటు పోవడం ఆ రోజుల్లో ప్రపంచమంతా చెప్పుకున్న విషయం. బెంగళూరు వీధిదీపాలకు కరెంటు వచ్చింది ఆ తరవాత మూడేళ్లకు, 1905లో. ఈ నగరం వెలగకముందే మా ఊరి కేజ్‌లు కావేరి బలంతో దిగాయన్న సంగతి బెంగళూరులో నాతో పనిచేసినవాళ్లకు చెబితే ఎవరూ నమ్మేవాళ్లు కాదు.

ఇంకొక సంగతి కూడా చెప్పకుండా ఉండలేను. 1965లో మా గనిలోనే, 2 కిలోమీటర్లకు పైగా లోతున, టాటా ఇన్‌స్టిట్యూట్ శాస్త్రవేత్తలు జపాను, ఇంగ్లండు శాస్త్రవేత్తలతో కలిసి పెట్టిన పరికరాల్లో న్యూట్రినోలు అనే అతి సూక్ష్మ కణాల జాడ దొరికింది. వాతావరణంలో పుట్టే న్యూట్రినోలను పట్టిన తొలి ప్రయోగాల్లో అదొకటి. ఆకాశం నుంచి వచ్చే మిగతా కణాలన్నిటినీ పైనున్న రాయి ఆపేస్తుంది. అంత రాయినీ దాటి రాగలిగేవి మాత్రమే కిందికి వస్తాయి. అదీ గాలింపే. “కింద పెట్టెలు పెట్టి కూర్చున్నారు, దేనికో తెలియదు” అని నాన్న అంటుండేవాడు. తెలిశాక చెప్పాను. చాలా సంతోషించాడు. తన జీవితంలో బంగారం కోసం కాకుండా ఆ గని చేసిన పని అదొక్కటే అన్నాడు.

నాన్న పదవీ విరమణ చేశాక బెంగళూరు బనసవాడిలో మా దగ్గరికి వచ్చేశాడు. చివరి రోజు అడిగి తెచ్చుకున్న ఇత్తడి బిళ్ల, ఒక పాత చేతిదీపం, ఒక రంగు వెలిసిన పెట్టె. దగ్గు కూడా వెంట వచ్చింది. రాతి ధూళి ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు. రాత్రిపూట దిండ్లు పేర్చుకొని కూర్చొనే నిద్రపోయేవాడు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. మర్నాడు పేపరు చదివి వినిపించాను. నూట ఇరవై ఏళ్లలో అక్కడి నుంచి 800 టన్నులకు పైగా బంగారం వచ్చింది. తొలి రోజుల్లో టన్ను రాతికి 40 గ్రాములకు పైగా దొరికిన చోట చివరికి 3 గ్రాములు కూడా కష్టమైంది. నాన్న అంతా విని, “పంపులు ఆపేస్తే నీళ్లు నిండిపోతాయిరా” అని మాత్రం అన్నాడు. ఆయన కళ్లముందు ఉన్నది ఆ సొరంగాలు, వాటిలో మెల్లగా ఎక్కుతున్న నీళ్లు. మూడేళ్లకు ఆయనా వెళ్లిపోయాడు.

మా పెద్దమ్మాయి న్యూజిలాండ్‌లో, డునెడిన్‌లో ఉంటోంది. ఏడేళ్ల క్రితం ఏప్రిల్‌లో నేనూ మా ఆవిడా వెళ్లాం. అక్కడ అది ఆకురాలే కాలం. లావెల్ ఏ దేశం నుంచి బంగారం ఆశ మోసుకొచ్చాడో ఆ దేశంలో ఆ చోట్లు చూడాలని అమ్మాయిని అడిగాను. కారులో ఒటాగో ప్రాంతం లోపలికి తీసుకెళ్లింది. దారిలో లారెన్స్ అనే చిన్న ఊరు వచ్చింది. 1861లో గేబ్రియల్ రీడ్ అనే మనిషి అక్కడి వాగులో తవ్వి, మంచు కురిసే చీకటి రాత్రి మృగశిర చుక్కలు మెరిసినట్టు బంగారం కనిపించిందని రాసుకున్నాడట. దాంతో వేలమంది వచ్చి పడ్డారు.

క్లైడ్ అనే ఊరు దాటాక క్లూథా నది గండిలోకి ప్రవేశించాం. గండికోటలో పెన్నను చూసినవాళ్లకు గండి అంటే ఏమిటో చెప్పనక్కరలేదు. ఇక్కడి కొండలు మాత్రం బోడివి, గోధుమ రంగువి, పొడి గడ్డి తప్ప ఏమీ లేనివి. గట్ల మీద పసుపుపచ్చగా పండిన పాప్లర్ చెట్ల ఆకులు. రాళ్ల మధ్య ఏదో పొదను తొక్కితే గుప్పుమని వాసన వచ్చింది. అది థైమ్ అనే మూలిక అని అమ్మాయి చెప్పింది. ఆ రాయిని దగ్గరగా చూశాను. షిస్టు. పుస్తకంలో కాగితాల్లా పొరలు పొరలుగా ఉంటుంది. నది అడుగున ఆ పొరల అంచులు పైకి లేచి ఉంటాయి.

నాకు అంతా అర్థమైంది అక్కడే. బంగారం నీటికన్నా 19 రెట్లు బరువు, మామూలు రాయి రెండున్నర రెట్లకు కాస్త ఎక్కువ. కొండల్లోని తెల్లరాతి చారల్లో ఉన్న బంగారాన్ని మంచు, వాన, నది కలిసి లక్షల ఏళ్లు పగలగొట్టాయి, నూరాయి, కొట్టుకొచ్చాయి. తేలికైనదాన్ని సముద్రానికి పంపి, బరువైనదాన్ని ఆ రాతి పొరల సందుల్లో, బండల వెనక, వంపుల లోపలి గట్టున దాచిపెట్టాయి. నది కొండను గాలించింది. మా కోలారులో అంత నది లేదు. పగలగొట్టే పని, నూరే పని, గాలించే పని అన్నీ మనుషులే చెయ్యవలసి వచ్చింది. నాన్న ముప్పై ఐదేళ్లు చేసింది ఒక నది చేయాల్సిన పని. ఇంత చిన్న మాట ఆయన ఉన్నప్పుడు నాకు తట్టి ఉంటే చెప్పేవాణ్ని.

ఈ గండిలో 1862 చలికాలంలో హొరేషియో హార్ట్లీ, క్రిస్టఫర్ రైలీ అనే ఇద్దరు ఎవరికీ చెప్పకుండా పని చేశారు. కొండల మీద మంచు గడ్డకట్టి ఉన్నప్పుడు నదిలో నీరు తగ్గుతుంది, ఇసుక తిన్నెలు బయటపడతాయి. అవి మళ్లీ మునిగేలోగా కడిగినంత కడిగి, ఆగస్టులో డునెడిన్ చేరి 87 పౌండ్ల తూకం బంగారం అప్పజెప్పారు. అంటే 30 కిలోలకు పైనే. చోటు చెప్పినందుకు ప్రభుత్వం దగ్గర 2,000 పౌండ్ల బహుమానం మాట్లాడుకున్నారు. ఊరిగాం రైతులకు వారెన్ చాటించిన బహుమానం నాకు వెంటనే గుర్తొచ్చింది. అదే ఏడు షాటోవర్ నది లోయలో ఇద్దరు మావోరీలు, డాన్ ఎలిసన్, హకరయా హేరోవా, నదిని ఈది అవతలి గట్టుకు వెళ్లి, కొట్టుకుపోయిన తమ కుక్క వెంట ఒక రాతి కొన దగ్గరికి చేరితే, ఆ రాతి పగుళ్లలో చీకటిపడేలోగా 300 ఔన్సులు దొరికాయట. ఆ చోటును ఇప్పటికీ మావోరీ పాయింట్ అంటారు. వాళ్ల పేర్లు నిలిచాయి. బాగుంది.

చేతి పళ్లెంతో మొదలై, ఊయలలా ఊపే పెట్టెలు, అడ్డపట్టీలు కొట్టిన చెక్క దోనెలు, చివరికి నదిలో తేలుతూ అడుగును గిన్నెలతో తోడే ఆవిరి యంత్రాలు దాకా వచ్చింది కథ. 1863లో వరదలు, మంచు తుపానులు ఎంతోమందిని మింగాయి. తెల్లవాళ్లు వేరే చోట్లకు వలస పోయాక 1866 నుంచి చైనా కార్మికులను రప్పించారు. ఇతరులు వదిలేసిన ఇసుకనే వాళ్లు మళ్లీ కడిగారు. పెద్ద బండల కింద, రాళ్లు పేర్చి గోడ కట్టుకొని బతికారు. అలాంటి గూడొకటి చూశాను. లోపల మనిషి నిలబడలేడు. పొయ్యి పెట్టుకున్న చోట రాయి ఇంకా నల్లగా ఉంది. వాళ్ల మీద 1881లో మనిషికి ఇంత అని తలపన్ను వేశారు, 1896లో దాన్ని 100 పౌండ్లకు పెంచారు. ప్రభుత్వం క్షమాపణ చెప్పింది 2002లో. ఆ గూటి ముందు నేను చాలాసేపు నిలబడ్డాను. మా లైనులోని గది దీనికంటే పెద్దదే, కానీ ఆ మసి నాకు తెలిసిన మసి.

హార్ట్లీ, రైలీ కడిగిన తిన్నెలు ఇప్పుడు కనబడవు. క్లైడ్ దగ్గర ఆనకట్ట కట్టి 1990ల మొదట్లో ఆ గండిని నీటితో నింపారు. క్రామ్‌వెల్ అనే ఊరి పాత వీధి కూడా చాలా భాగం మునిగింది. నీళ్లు నిశ్చలంగా, ఆకుపచ్చగా ఉన్నాయి. నాన్న మాట గుర్తొచ్చింది. అక్కడ సొరంగాల్లోకి ఎక్కినవీ ఇక్కడ గండిలోకి ఎక్కినవీ నీళ్లే.

పక్కనే కవారౌ గండిలో యాత్రికులకు పళ్లెం ఇచ్చి కంకర కడగనిస్తారు. నాకు చూపించబోయిన అబ్బాయి నేను పళ్లెం వంచిన తీరు చూసి, ఇంతకుముందు చేశారా అని అడిగాడు. మా అవ్వ చేసేది అన్నాను. చేతిని వెనక్కి మళ్లించుకోవడానికి కాస్త సమయం పట్టింది. తేలినదాన్ని వదిలెయ్యాలి, మునిగినదాన్ని కాపాడుకోవాలి. కంకర పోయింది, ఇసుక పోయింది. నల్ల ఇసుక చిన్న నెలవంకలా మిగిలింది. దాని కొసన అయిదు రేణువులు. నువ్వుగింజలో పావు వంతు కూడా ఉండవు. ఎండ పడినా నీడ పడినా అదే రంగు. వాటిని నీళ్లున్న చిన్న గాజు సీసాలో వేసి ఇచ్చాడు.

ఆ సీసా బెంగళూరులో నా బీరువా సొరుగులో, నాన్న ఇత్తడి బిళ్ల పక్కనే ఉంటుంది. మొన్న ఆదివారం గిన్నె అడుగున మిగిలిన ఇసుకను చూసి మనవరాలు, “ఇందులో బంగారం ఉంటే తెలుస్తుందా తాతా?” అంది. లేచి వెళ్లి సీసా తెచ్చాను. మూత తీసి ఆ నీళ్లను ఇసుకలో పోసేశాను. మా ఆవిడ, “అయ్యో, పోతాయి” అంది. మనవరాలి చేతుల్లో గిన్నె పెట్టి, ఆమె మణికట్టు కింద నా చెయ్యి ఉంచి, ఒక పక్కకు వంచి తిప్పించాను. మొదట నీళ్లు ఒలికాయి. తరవాత చెయ్యి దారిలో పడింది. ఇసుక కొంచెం కొంచెంగా సింకులోకి జారిపోయింది. పలచని నల్లటి చార మిగిలినప్పుడు ఆపమన్నాను. ఆమె గిన్నె మీదికి వంగి, వేలు పెట్టకుండా, నోట్లో లెక్కపెట్టుకుంది.

“అయిదూ ఉన్నాయి తాతా” అంది.